రోడ్డువైపు కిటికీ

అరవైల్లో బోధన్ దగ్గర ఒక మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. బడి ముందే రోడ్డు. చెరుకు నరికే కాలం వచ్చిందంటే పొద్దంతా చక్కెర ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్లే. ఎడ్ల మెడల్లో గంట మోగితే చాలు, ఏడో తరగతి మొత్తం అటు తిరిగేది. "మీ మెడలు ఊడి రోడ్డుమీద పడ్తయి రా" అనేవాణ్ణి. నవ్వేవాళ్లు, మళ్లీ తిరిగేవాళ్లు. పబ్లిక్ పరీక్షలో పిల్లలు తప్పితే మాట పడేది నేనే. అప్పట్లో నాకు కోపం ముక్కుమీదే ఉండేది.

అందరికంటే ఎక్కువగా బయటికి చూసేది ఒక అమ్మాయి. చిత్రమేమిటంటే, లెక్కల్లో ఆమెను మించినవాళ్లు లేరు. దిక్కులు చూస్తుందని ఎన్నిసార్లు దెప్పానో. ఎందుకు చూస్తున్నావని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఒకరోజు ఆమెను గోడ పక్కకు మార్చి, రోడ్డువైపు కిటికీ మూసి గొళ్లెం పెట్టాను. గది సద్దుమణిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. భిన్నాలు చెబుతుండగా బయట గంటలు వినిపించాయి. ఆ మోత గుర్తుపట్టి ఆమె లేచి నిలబడింది.

"సార్, జరంత బయటికి పోయొస్త. మా బాపు బండి..."

"బండ్లు రోజూ పోతయి. కూసో!"

కూర్చుంది. గంటల చప్పుడు దూరమయ్యేదాకా పుస్తకాల సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకునే ఉంది.

మర్నాడు వాళ్ల నాన్న బడికి వచ్చాడు. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"ఇంటిది బాలింత సారు. పొల్లనే రొట్టెలు జేసి సంచిల పెట్టుకొస్తది. నేను చీకట్లనే చేనుకు పోయి, బండి నింపుకొని అటే పోత. కిటికీల నా బండి జూసి, నీళ్లకని బయటికొచ్చి, బడి ముంగట నడుస్త నడుస్తనే అందిస్తది. బండి ఆపితే ఎన్క బండ్లు ముంగటికి పోతయి, ఫ్యాక్టరీ కాడ లైన్ల నా వంతు పోతది. నిన్న రొట్టె అందలే. రాత్రంత లైన్లనే, పొద్దటిదాంక ఉపాసమే."

సిగ్గుతో నా తల వాలిపోయింది.

"అన్నా, తప్పు నాది. కిటికీ తెరిచే ఉంచుత. బండి రాంగనే నేనే పంపిస్త. పరీక్ష రాయనియ్యి."

"మీ మాట మీది, సారు. నా కడుపు నాది. ఇగ బడి వద్దు."

అమ్మాయి పుస్తకాలు సర్దుకుని నాన్న వెనకే వెళ్లిపోయింది. నా మొహం చూడలేదు. ఆమె పోయాక కిటికీ తెరిచాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

రెండు రోజులకు మళ్లీ ఆ గంటలే. రొట్టెల మూట పట్టుకుని ఆమె రోడ్డుమీద బండి పక్కనే నడుస్తోంది. మూట అందించి ఇంటిదారి పట్టింది. బడివైపు కన్నెత్తి చూడలేదు.

తరగతి మొత్తం కిటికీవైపు తిరిగి ఉంది. బోర్డు చూడమని నేనెవరికీ చెప్పలేదు. సుద్దముక్క చేతిలో పట్టుకుని నేనూ అటే చూస్తూ నిలబడ్డాను.