మూడో బొట్టు

మా మేనత్త వాసవమ్మను ఎవరైనా ‘పాపం’ అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి ఆదోనిలో పుట్టింటికి చేరిన మాట నిజమే. ఆమె కథ అంతే అనుకుంటే పొరపాటు.

పత్తి వ్యాపారంలో మాకన్నా పెద్దవాళ్లు ఆదోనిలో చాలామంది ఉండేవాళ్లు. కానీ ఒక అరుదైన పాత పుస్తకం మాత్రం మా ఇంట్లోనే ఉండేది. తెలుగు పుస్తకాలు అచ్చుకావడం కొత్తగా మొదలైన రోజుల్లో చెన్నపట్నంలో వేసినది. సగం గణితం, సగం తర్కం. దాన్ని ఆసాంతం చదివి, పెద్దలు అడిగినదానికల్లా జవాబు చెప్పినవాళ్లే సరస్వతీ పూజనాడు దాని మొదటి పేజీకి కుంకుమబొట్టు పెట్టాలి. అది మా ఇంటి ఆచారం.

1941లో పాత పుస్తకాలు సేకరించే పెద్దమనిషి ఒకాయన మద్రాసు నుంచి వచ్చాడు. పుస్తకం తెరిచి మురిసిపోయాడు.

“ఇలాంటి ప్రతి ఇంకెక్కడా చూడలేదు. ఈ ఎర్రమరకలు మూడే లోపం. మందు పెట్టి పోగొట్టవచ్చు” అన్నాడు.

వంటింట్లోంచి అత్త వచ్చి, పుస్తకం ఆయన చేతుల్లోంచి తీసుకుంది.

“మరకలు కావప్పా. చదివి ముగించినోళ్లు పెట్టిన బొట్లు. మొదటిది మా జేజినాయనది, రెండోది మా నాయనది.”

“మూడోది?”

“నాది.”

ఆయన చూపు అత్త బోసి నొసటి మీద ఆగింది. విధవ కుంకుమ ముట్టడమా అన్న మాట నోటిదాకా వచ్చినట్టుంది. అత్త తల దించలేదు.

“నా నొసట వద్దన్నారు, సరే అంటి. పుస్తకానికి పెట్టేదానికి మాత్రం కుంకుమ బరిణె మా నాయనే నా చేతికిచ్చినాడు, అందరూ సూస్తాండంగ.”