లోర్నా రైఫిల్లో పట్టని తూటాలు

ఆర్విడ్ టోలెఫ్సన్ మోంటానాలోని ఆ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపాడు. రిటైరయ్యాక గ్యారేజీలో కూర్చుని తూటాలు నింపుకోవడమే ఆయన లోకం. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు కడిగి, తుపాకీ మందు గింజ గింజా తూచి పోసి, మూతిలో గుండు నొక్కేవాడు. పనికి కూర్చునే ముందు రేడియో కట్టేసి చిన్న ప్రార్థన చేసేవాడు. మందు దగ్గర మనసు చెదరకూడదు కదా.

ఈ ఏడు ఆ ప్రార్థనలో లోర్నా పేరు చేరింది. పక్కింటి లోర్నా బడిలో వంట చేస్తుంది. తొమ్మిదేళ్లుగా దరఖాస్తు పెడుతుంటే ఇప్పటికి లాటరీలో ఎల్క్ దుప్పి వేటకు అనుమతి వచ్చింది. తీరా చూస్తే పోయినేడు భుజానికి ఆపరేషన్ అయింది. చనిపోయిన భర్త రైఫిల్లో కొట్లో కొన్న తూటాలు వేసి కాలిస్తే, అది వెనక్కి తన్నిన తన్నుకు ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకని ఆర్విడ్ నింపే తూటా మెత్తగా తన్నాలి, గురి మాత్రం తప్పకూడదు. దెబ్బతిన్న జంతువు కుంటుకుంటూ అడవిలోకి పోవడం తలుచుకుంటే ఆర్విడ్‌కు ముద్ద దిగేది కాదు.

సెప్టెంబరంతా కంకర గుంటలో, ఇసుక సంచుల మీద ఆమె రైఫిల్ ఆనించి కాల్చి చూశాడు. మందు మార్చాడు, గుండు జరిపాడు. గుండును కాస్త పొడుగ్గా బయటికి ఉంచినప్పుడు, నూరు గజాల్లో ఐదు దెబ్బలూ పావు డాలర్ నాణెం కింద దాక్కున్నాయి. ఆ గురి కాగితం ఫ్రిజ్ తలుపెక్కింది.

"మనవరాలు గీసిన బొమ్మ పీకేసి దీన్ని పెట్టావా?" అంది భార్య మారిట్.

శనివారం వేట మొదలు. గురువారం సాయంత్రం లోర్నా వచ్చి, తూటాలను రైఫిల్ అడుగున ఉండే తూటాల అరలో, మ్యాగజైన్లో పెట్టబోయింది. మొదటిదే పట్టలేదు.

"ఆర్విడ్, ఇవి లోపలికి పోవట్లేదేంటి?"

ఆర్విడ్ ఒక తూటా తీసి మ్యాగజైన్ పక్కన పెట్టి చూశాడు, పొడుగు ఎక్కువైంది. నెల రోజులూ ఆయన ఒక్కొక్క తూటానే చేత్తో నేరుగా తుపాకీ గొట్టంలో పెట్టి కాల్చాడు. మ్యాగజైన్ ముట్టుకుంటే ఒట్టు.

"ముసలి వెధవని! నాణెం చూసుకుని మురిసిపోయాను," అన్నాడు.

"తిట్టుకుంటే పొట్టివవుతాయా? నీ పని నువ్వు చెయ్యి, నేను సూప్ తెస్తా," అంది లోర్నా.

గుండు లోపలికి దిగితే పేలేటప్పుడు ఒత్తిడి ప్రమాదంగా పెరుగుతుంది కాబట్టి ఉన్నవి నొక్కేయలేదు. అన్నీ విప్పి, మందు తగ్గించి, గుండు ఇంకాస్త లోపలికి దించి మళ్లీ నింపాడు. శుక్రవారం పొద్దున్నే కంకర గుంటలో లోర్నాయే కాల్చింది, మ్యాగజైన్లో పెట్టి మరీ. దెబ్బలు ఈసారి బిస్కెట్టంత వెడల్పున పరుచుకున్నాయి. ఆర్విడ్ నిట్టూర్చాడు.

"ఎల్క్ గుండె పావు డాలరంతే ఉంటుందా ఏంటి?" అని భుజం తడుముకుని నవ్విందామె. "చూడు, నొప్పే లేదు."

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, కాఫీ బల్ల దగ్గర లోర్నా ఆయన కోటు జేబులో రుమాలు మూట ఒకటి పడేసింది. విప్పితే ఒకే ఒక్క ఖాళీ ఇత్తడి గొట్టం, అప్పటికే కడిగి తుడిచి ఉంది.

"మిగతావి?"

"డబ్బాలోనే ఉన్నాయి. ఎల్క్ నిలబడ్డ చోటే కూలిపోయింది, పాపం. దానికీ, నీకూ కలిపి అక్కడే దేవుడికి దండం పెట్టుకున్నా. సాయంత్రం మాంసం తెస్తా, మారిట్‌ని ఉల్లిపాయలు తరగమను."

ఇంటికెళ్లగానే ఆర్విడ్ ఫ్రిజ్ మీది కాగితం తీసి, మనవరాలి బొమ్మను మళ్లీ అంటించాడు. ఆ తర్వాత ఉల్లిపాయలు తనే తరిగాడు.