సత్తిబాబు శుక్రవారం హల్వా పూరీ

నిన్న పొద్దున్నే సత్తిబాబు టిఫిన్ కొట్టుకి వెళ్లాను. పొయ్యి వెలగలేదు. బెంచీ ఇంకా తిరగేసే ఉంది.

పక్క కిళ్లీ కొట్టాయన చెప్పాడు. "రాత్రి నిద్రలోనే పోయారంటండి."

"ఎవరండి?" అని అడిగాను.
ఆయన తిరగేసిన బెంచీ వైపు చూశాడు.

సాయంత్రం గోదారి ఒడ్డున సాగనంపి వచ్చాం.

ఈరోజు శుక్రవారం. వాడి రోజు.
నేను పెద్దగా మాట్లాడను, మీకు తెలుసు. ఫోన్లో మన ఊరి గ్రూపులో ఇంత రాయడం ఇదే మొదలు. కానీ వాడి హల్వా పూరీ తలుచుకుంటే వేళ్లు ఆగడం లేదు.

కుర్రతనంలో ఇద్దరం మస్కట్‌లో బిల్డింగులకి ఇనప ఊచలు వంచే రాడ్ బెండింగ్ పని చేశాం. క్యాంపు మెస్‌లో వంటాయనది లాహోర్. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. శుక్రవారం సెలవు కాబట్టి ఆ పూట వాళ్లూరి టిఫిన్ చేసేవాడు.

బంతిలా పొంగిన పూరీ. కాబూలీ శనగల కూర. పక్కన నెయ్యి కారే రవ్వ హల్వా.
మూడూ కలిపి ఒకే ముద్ద. తీపీ కారం ఒకేసారి.

మొదటిసారి తిన్నరోజే సత్తిబాబు అన్నాడు. "ఒరేయ్ అబ్బులూ, ఇది మనూళ్లో పెట్టాలిరా."

అన్నట్టే పెట్టాడు. తిరిగొచ్చాక కొట్టు తెరిచాడు. మామూలు రోజుల్లో ఇడ్లీ, గారె, శుక్రవారం మాత్రం హల్వా పూరీ.

మనవాళ్లు ఏం చేశారో గుర్తుందా?

హల్వాని ప్రసాదం అనుకున్నారు. కళ్లకద్దుకుని, పొట్లం కట్టి ఇంటికి పట్టుకెళ్లేవారు. పూరీలోకి బంగాళాదుంప కూర అడిగేవారు.

రిటైర్డ్ కండక్టర్ సూర్రావు గారైతే, "ఏంటండి సత్తిబాబు గారూ, ఇది టిఫిన్ కొట్టా, సత్యనారాయణ వ్రతమా?" అన్నారు.

"ఒకే ముద్దలో తినాలండి బాబూ" అని వీడు మొత్తుకునేవాడు. ఎవరూ వినలేదు. పూరీలు మిగిలిపోయేవి.

చివరికి వాళ్లావిడ ఆదిలక్ష్మి తేల్చేసింది. "ఈ వారంతో ఆపెయ్యండి. శుక్రవారం కూడా ఇడ్లీయే వేసుకుందాం."

ఆ శుక్రవారం వాడు బెంచీ రోడ్డు వారకి లాగి నన్ను కూర్చోబెట్టాడు.

"నువ్వు మాట్లాడక్కర్లేదురా. తినడానికి మాత్రం నోరు విప్పు."

అందరూ నన్నే చూస్తున్నారు. చెవులు కాలిపోతున్నాయి. పూరీ తుంచాను. శనగలు పెట్టాను. పైన హల్వా అద్దాను. మడిచి నోట్లో పెట్టుకున్నాను.

అంతే. రోడ్డు లేదు, జనం లేరు. మళ్లీ క్యాంపులో ఉన్నాను.

ఉస్తాద్ ఊరగాయకి బదులు వీడు మాగాయ వేశాడు. అదీ నంజుకున్నాను. ప్లేటు ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

"ఎలా ఉందండి అబ్బులు గారూ?" సూర్రావు గారు వంగి మరీ అడిగారు.

ఖాళీ ప్లేటు సత్తిబాబు వైపు చాపాను.

"ఆయ్, మూగాయన చేత చెప్పించేశారండి. నాకూ ఓ ప్లేటు పెట్టండి" అన్నారాయన.

ఆ తర్వాతి శుక్రవారాలు మీ అందరికీ తెలిసినవే. ఆలస్యంగా వచ్చినవాడికి పూరీ దక్కేది కాదు.

ఈరోజు వాళ్లింట్లో పొయ్యి వెలిగించరు కదా. మా ఇంటి నుంచి క్యారేజీ పట్టుకెళ్లాను. ఆదిలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ అంది. "పెద్దకార్యం రోజున ఆయనకి ఇష్టమైంది పెట్టాలి అన్నయ్యగారూ. ఆ హల్వా పాకం నాకు కుదరదు. ఎప్పుడూ ఆయనే చేసేవారు."

"నేను చేస్తానమ్మా" అన్నాను.
గట్టిగానే అన్నట్టున్నాను. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

ఉస్తాద్ పక్కన నిలబడి చూసిన పని. చేతులకి గుర్తుంది.

ఆ రోజు అందరూ రండి. బంగాళాదుంప కూర ఉండదు, ముందే చెబుతున్నాను.

కాకికి పెట్టే ముద్ద కూడా నేనే కడతాను. పూరీ, శనగలు, పైన హల్వా. విడివిడిగా పెడితే వాడు ముట్టడు.

వెళ్లిరా సత్తిబాబూ. ఇన్నాళ్లూ పొయ్యి సెగలో నిలబడ్డావు. ఇక నీడపట్టున కూర్చుని, చల్లగా, హాయిగా ఉండరా.