లేని నియోజకవర్గానికి ఆరో మనిషి

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో కార్తీక వనభోజనాలకి వనం ఉండదు. నవంబరులో బయట కూర్చుంటే విస్తట్లో పప్పు గడ్డకడుతుంది కాబట్టి తెలుగువాళ్ళంతా కలిసి ఒక హాలు అద్దెకి తీసుకుంటారు. ఉసిరిచెట్టు బదులు మధ్య బల్ల మీద ఉసిరికాయ పచ్చడి సీసా నిలబెట్టి, దానికి బొట్టు పెడతారు. నేను మా అమ్మాయి దగ్గరికి వచ్చాక ఇది మూడో కార్తీకం.

ఈసారి కమిటీ వాళ్ళకి బల్లలు విడివిడిగా వేయాలనిపించింది. మన దగ్గర వనభోజనాలు కులాలవారీగా జరుగుతాయి గనుక ఆ ఊసే ఎత్తకూడదనుకున్నారు. జిల్లాలవారీగా అంటే, పాత జిల్లాలా కొత్త జిల్లాలా అని కేకలు లేచాయి. చివరికి అసెంబ్లీ నియోజకవర్గాల దగ్గర తేలారు. ఆరుగురుంటే సొంత బల్ల, దాని మీద పేరు రాసిన అట్ట. లేకపోతే పక్కవాళ్ళ బల్ల దగ్గర సర్దుకోవాలి.

కార్యదర్శి మా అమ్మాయి ఆఫీసులో పనిచేసే కుర్రాడు. ఫోన్లో జాబితా పైకీ కిందకీ జరిపి, "ఆంటీ, మీది లిస్టులో లేదండీ" అన్నాడు.

"ఉండదు బాబూ. 2009 ఎన్నికల నాటికి పునర్విభజనలో తీసేశారు. అంతకుముందు ఉండేది. 83 నుంచి 99 దాకా అయిదు ఎన్నికలకి టీచరుగా అక్కడే డ్యూటీ చేశాను."

"అయితే మీ మండలం ఇప్పుడు టౌను నియోజకవర్గంలో ఉంది. అంటే మీ వియ్యపురాలుగారి బల్ల."

అదే నా కష్టం.

మా నియోజకవర్గం పేరు ఇక్కడ రాయను. రాస్తే మూడు మండలాల నుంచీ ఫోన్లు వస్తాయి. ఏటికి అవతల మెట్ట, ఇవతల పల్లం, చివర రైల్వే స్టేషను. మూడింటిలో పెద్ద ఊళ్ళు ఒకదాని పేరు ఒకటి ఒప్పుకోక, ఎవరికీ అక్కర్లేని ఒక చిన్న ఊరి పేరు నియోజకవర్గానికి పెట్టారు. ఆ ఊళ్ళో బస్సు ఆగేది కూడా కాదు. గెలిచినవాళ్ళంతా బయటివాళ్ళే. ప్రతివాడూ ఏటి మీద వంతెన వేయిస్తానన్నాడు. ఒకాయన హయాంలో స్తంభాలు లేచాయి. 94లో బ్యాలెట్ పెట్టెల్ని ఆ స్తంభాల మధ్య నుంచే పడవలో దాటించాం. మా నియోజకవర్గం పోయాక టౌను ఎమ్మెల్యే వచ్చి స్తంభాల మీద స్లాబు వేయించి, రిబ్బను కత్తిరించాడు.

మా వియ్యపురాలిది ఆ టౌనే. వంకాయ తరుగుతూ, "ఎంతైనా మీ వంతెన మేం కట్టించిందే కదా వదినగారూ" అని కనీసం వారానికోసారి అంటుంది. ఆ బల్ల దగ్గర, ఆ మాట వింటూ, ఆవిడ వడ్డించింది తినాలి. అంతకంటే కార్తీకం ఉపవాసం నయం.

కార్యదర్శితో బేరమాడాను. తీసేసిన నియోజకవర్గమైనా సరే, తను గానీ, తల్లిదండ్రులు గానీ అక్కడ ఓటేసి ఉంటే లెక్కలోకి తీసుకోవాలి. అతను నవ్వి, "సరేనండీ, కానీ ఆరుకి ఒక్కరు తగ్గినా బల్ల లేదు" అన్నాడు.

నేనూ, మా అమ్మాయీ ఇద్దరం. మా భవనంలోనే ఉండే మెట్ట వైపు ఇంజినీరు ఒకడు. జీగెన్‌లో ఎమ్మెస్ చేస్తున్న అమ్మాయి, పాడర్‌బోర్న్‌లో చదివే ఆమె తమ్ముడు. అయిదుగురు. మనవడు జర్మనీలో పుట్టాడు, వాడి అమ్మానాన్నలు మా నియోజకవర్గంలో ఎప్పుడూ ఓటేయలేదు, చెల్లడు. అల్లుడు తల్లి కొంగు వదలడు.

ఆరో మనిషి మా ఇంట్లోనే ఉంది. వియ్యపురాలి పుట్టిల్లు స్టేషను పక్క ఊరు. పెళ్ళయి టౌనుకి వెళ్ళాక ఆ సంగతి మరిచిపోయినట్టు ఉంటుంది. ముందురోజు మర్యాదగానే అడిగాను.

"లేని చోటికి లెక్క నింపడానికి నేనా వదినగారూ? మా బల్లకి రండి, మీకు కుర్చీ ఉంచుతాను" అంది.

మర్నాడు హాల్లో అట్టలన్నీ లేచాయి. మా అయిదుగురం గోడవారగా గిన్నెలు పట్టుకుని నిలబడ్డాం.

"మామ్మగారూ, టౌను బల్లకి వెళ్ళిపోదామా? అక్కడ గుత్తివంకాయ ఉందంట" అంది జీగెన్ అమ్మాయి.

"ఆగు. ఇంకా పోలింగు ముగియలేదు."

కార్యదర్శి దగ్గర్లోకి వచ్చేదాకా చూసి, తరగతి గదిలో వెనక బెంచీకి వినిపించే గొంతుతో మొదలుపెట్టాను.

"మన మూడు చోట్లలో స్టేషను వైపు వాళ్ళకి ఓటు పట్టింపే లేదమ్మా. 83లో నా మొదటి డ్యూటీ అక్కడే. జనవరి చలికి దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. ఆడవాళ్ళు ఒక్కరైనా వస్తే ఒట్టు."

నా జన్మలో తప్పు లెక్క చెప్పింది అదొక్కటే. ఆ రోజు ఆడవాళ్ళ వరస బడి గేటు దాటి సైకిలు షాపు దాకా ఉంది.

టౌను బల్ల దగ్గర గరిటె ఠప్పున పడింది.

"ఏం మాటలండీ వదినగారూ! దుప్పటి కప్పుకున్నామా? నా మొదటి ఓటు అది! పొగమంచులో మా అమ్మతో వెళ్ళి నిలబడ్డాను. మా మండలంలో ఆడవాళ్ళే ముందేశారు, తెలుసా?"

"ఆంటీ, అంటే మీ మొదటి ఓటు ఈ నియోజకవర్గంలోనేనా?" అన్నాడు కార్యదర్శి.

"మరెక్కడనుకున్నావు?"

"అయితే ఆరు" అని అతను మూల నుంచి బల్ల లాగాడు.

ఆవిడ నా వంక చూసింది. నేను పులిహోర గిన్నె మూత సరిచేసుకున్నాను.

"మీరు మామూలు మనిషి కాదు వదినగారూ" అంటూనే గుత్తివంకాయ గిన్నె ఎత్తుకుని వచ్చి, మా బల్ల మొదట్లో ఉన్న కుర్చీలో కూర్చుంది. అట్ట మీద పేరు మా అమ్మాయి చేత పెద్దక్షరాలతో రాయించింది.

టౌను బల్ల నుంచి ఎవరో, "గోడ దూకేశారా పిన్నిగారూ! మరి మన వంతెనో?" అని అరిచారు.

"మీ వంతెనేంటి! స్తంభాలు మావి. మీరు కోసింది రిబ్బను" అంది మా వియ్యపురాలు.

కండువా మార్చడానికి మా నాయకులకి కూడా ఒక రాత్రి పట్టేది. ఆవిడకి గిన్నె ఎత్తినంత సేపు పట్టింది.

ఒక్క విషయం. 83లో ఇంకా మండలాలు లేవు, అవి 85లో వచ్చాయి. అప్పుడు ఉన్నవి తాలూకాలు, ఫిర్కాలు. ఆవిడ "మా మండలం" అన్నప్పుడు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకోసారి వంకాయ వడ్డించమని విస్తరి జరిపాను.