మేనమామ ఒడ్డుకు దిగిన రోజు

దేముడమ్మ కొడుకు పేగు మెడకు చుట్టుకుని పుట్టాడు. అలా పుట్టిన బిడ్డ ముఖాన్ని మేనమామ మొదట నూనెలో చూడాలి, ఆ తరువాతే ఎదురుగా చూడాలి. తప్పితే మేనమామ ప్రాణానికే గండం అంటారు. దేముడమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, పేరు సన్యాసి. వాడు పొగ ఓడలో బాయిలరుకు బొగ్గెత్తే పనివాడు. ఆ పనిలో గండం ఎక్కడినుంచో రానక్కరలేదు, పక్కనే కూర్చుని ఉంటుంది.

ఓడ రంగూను వస్తోందనీ, పనివాళ్ళకు ఒక్క పగలు ఒడ్డున సెలవిస్తారనీ తెలిసిన దగ్గరనుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. రంగూనులో పజుండౌంగ్ వాగు ఒడ్డున వాళ్ళున్న చెక్క ఇంటికి ముందొక గది, వెనకొక వసారా. బిడ్డను దాచడానికి చోటేది? అందుకని ఆలోచించి ఆలోచించి ఒక ఏర్పాటు చేసింది. మొగుడు అచ్చెన్న బోటాటౌంగ్ రేవులో కాచుకుని బావమరిదిని తీసుకురావాలి. ఆ వేళకు బిడ్డ రెండిళ్ళవతల డో సెయిన్ అనే బర్మా ఆవిడ దగ్గర ఉండాలి. తమ్ముడు కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాకే బిడ్డను వెనకనుంచి తేవాలి.

"దారిలో గుంటడి ఊసెత్తకు. ఏటి సెప్పాలో ఇంకోపాలి సెప్పు," అంది మొగుడితో.

"బిడ్డ నేడు, పుట్టనేదు, నాకసలు పెళ్ళే అవనేదు. సాలా?" అంటూ అచ్చెన్న తలపాగా చుట్టుకుని బయలుదేరాడు.

డో సెయిన్‌కు మాత్రం అసలు సంగతి చెప్పలేదు. నవ్వుతుందేమోనని సిగ్గు. తమ్ముడు వస్తున్నాడు, పని తెమిలేదాకా పిల్లవాణ్ణి చూడమని అడిగి ఊరుకుంది.

దేముడమ్మ కంచు గిన్నెలో నువ్వుల నూనె వంచుతోంది. నది వైపునుంచి ఓడ కూత వినిపించింది. తమ్ముడి ఓడ మధ్యాహ్నం నీటి పోటుకు కదా రావాలి, ఇప్పుడే ఏమిటి? గిన్నె చేత్తో పట్టుకునే వీధిలోకి వచ్చింది.

డో సెయిన్ ఇంటి మెట్ల మీద ఒక మనిషి ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ వీపు ఆమెకు తెలుసు. వాడి భుజం మీదుగా బిడ్డ ఇటు చూస్తున్నాడు. పక్కన అచ్చెన్న లేడు. ఇప్పుడు కూసింది వేరే ఓడ; సన్యాసి ఓడ రాత్రి పోటుకే వచ్చేసింది. వాడు రేవు దాకా పోకుండా పడవ మాట్లాడుకుని వాగులోకే వచ్చి దిగాడు. అక్క ఇల్లెక్కడని అడిగిన మొదటి గడప డో సెయిన్‌దే.

అరిస్తే వాడు తల తిప్పుతాడు, బిడ్డ ముఖం కళ్ళబడుతుంది. దేముడమ్మ ఊపిరి బిగబట్టి, నూనె తొణకకుండా, పిల్లిలా నడిచి వెళ్ళింది.

"సన్నాసీ, తల తిప్పకు. గుంటణ్ణి సూడకు. కళ్ళు మూసుకో."

"ఇంకేటి మూసుకోడం అప్పా? ఇందాకట్నుంచీ నా ముక్కు పీకుతుంటేను," అన్నాడు సన్యాసి.

"మేనమామనన్నాడు, ఇయ్యకుండా ఎలాగుంటాను?" అంది డో సెయిన్ బర్మాలో, సంబరంగా.

దేముడమ్మ మెట్టు మీద కూలబడింది. తమ్ముడికి సంగతి చెప్పింది. వాడి నవ్వు కాస్త తగ్గింది.

"మొకం సూసీసేవా? ఎలాగున్నాడో సెప్పు."

"ఎలాగేటి, తెల్లగ. ఈయమ్మ సెక్క గంధం మెత్తీసింది కదా. గోడకి సున్నం కొట్టినట్టుంటే పోలికేటి తెలుస్తాది?"

ఆ మాటను ఆమె గభాలున అందుకుంది. నిజమే. బర్మా వాళ్ళు పిల్లలకు పూసే చెక్క గంధం ఆరి తెల్లబడి బిడ్డ చెంపలకీ నుదుటికీ దళసరిగా పట్టి ఉంది. చూసినది గంధాన్నే కానీ ముఖాన్ని కాదు. కాదా? దేవుడు ఒప్పుకుంటాడా? అడగడానికి వ్యవధి లేదు. తమ్ముణ్ణి రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయి పీట మీద కూర్చోబెట్టింది. గిన్నె వాడి ఒళ్ళో పెట్టింది. వాడి వెనకాల, డో సెయిన్ ఎత్తుకొచ్చిన బిడ్డను అందుకుని ముఖం తడిగుడ్డతో తుడిచి, భుజం మీదుగా వంచింది.

"సూడు."

"కదుల్తన్నాది అప్పా. కనపడ్నేదు."

గిన్నె వణుకుతోంది. పొద్దస్తమానం బొగ్గు పార పట్టే చేతులవి. ఇంతసేపూ వేళాకోళమాడిన వాడికి కూడా భయమేనని ఆమెకు అప్పుడు తెలిసింది. బిడ్డను ఒక చేత్తో పొదువుకుని, రెండో చెయ్యి గిన్నె కింద పెట్టింది. నూనె మెల్లగా నిలిచింది.

"మనయ్య ముక్కే," అన్నాడు సన్యాసి.

సాయంత్రం వాగు దగ్గర పడవవాడు తొందరపెడుతున్నాడు. బోటాటౌంగ్‌లో ఎండకు మాడి వచ్చిన అచ్చెన్న పక్కనే గొణుగుతున్నాడు. దేముడమ్మ తమ్ముడి చొక్కా పట్టుకుంది.

"ఈడి పుట్టెంట్రుకలు నీ ఒళ్ళోనే తియ్యాల. నువ్వొచ్చేదాకా కత్తెర తగలనివ్వను."

"నాను రాకపోతే?"

"జడేసి బడికంపుతాను. ఊరంతా నవ్వితే సిగ్గు నీదే."

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. వస్తాను అని వాడు నోటితో అనేదాకా చొక్కా వదలలేదు.