యుద్ధం చూడని పైలట్

చంద్రశేఖర్ సింగపూర్ వైమానిక దళంలో చేరతానన్న రోజున ఇంట్లో అన్నం ముట్టనిది వాళ్ల మామ్మ పాపమ్మ ఒక్కతే.

ఆమె పుట్టింది సింగపూర్ ఉత్తరపు ఒడ్డున సెంబవాంగ్‌లో, నౌకా స్థావరం కూలీల లైన్లలో. విశాఖ వైపు నుంచి వచ్చిన తండ్రి అక్కడ ఓడలకు రంగులు వేసేవాడు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే జపాన్ విమానాలొచ్చి బాంబులు వేశాయి. మురుక్కాలవలో దూరి చెవులు మూసుకుని పడుకున్న ఆ భయం ఇక ఎప్పటికీ వదల్లేదు. ముసలితనంలో కూడా విమానం చప్పుడు వినిపిస్తే చాలు, కిటికీ రెక్కలు మూసి, చెవులు కప్పుకుని మూలన ముడుచుకునేది.

"పైనుంచి పడేవాటిలో మంచిది వానొక్కటేరా" అంది మనవడితో.

చంద్రశేఖర్ ఎదురు చెప్పలేదు. మానుకోనూ లేదు. ఆమె కాళ్లకు మొక్కి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు హెలికాప్టర్ పైలట్ అయ్యాడు. సెలవుకు ఇంటికొచ్చినప్పుడు యూనిఫాం మామ్మ కంట పడకుండా సంచిలో మడిచి దాచుకునేవాడు.

ఆ తర్వాత సునామీ వచ్చింది. సుమత్రా తీరమంతా ఊడ్చిపెట్టుకుపోయింది. సాయానికి వెళ్లిన హెలికాప్టర్లలో ఒకదానికి చంద్రశేఖర్ కోపైలట్. పక్క సీట్లో కెప్టెన్ లిమ్. రోడ్లు తెగిపోయిన ఊళ్లకు బియ్యం, మంచినీళ్లు దించడం, తిరుగు దారిలో దెబ్బలు తగిలినవాళ్లను ఎక్కించుకోవడం, ఇదే పని.

ఒక చోట బడి మైదానంలో దిగారు. కాలు విరిగిన ఓ ముసలావిడను నలుగురు మోసుకొచ్చారు. రెక్కల హోరు వినగానే ఆవిడ చెవులు మూసుకుని, మోకాళ్లలోకి ముడుచుకుపోయింది. ఎంత బతిమాలినా ఎక్కనంటోంది. చంద్రశేఖర్ అద్దంలోంచి చూస్తున్నాడు. ఆ ముడుచుకోవడం అతనికి కొత్త కాదు.

"సార్, నేనొకసారి దిగనా?" అని అడిగాడు.

లిమ్ ఇంధనం ముల్లు చూసి, "త్వరగా రా" అన్నాడు.

చంద్రశేఖర్ వెళ్లి బురదలో ఆవిడ ముందు కూర్చున్నాడు. మామ్మతో బజారుకెళ్లి నేర్చుకున్న మలయ్‌లో, "నెనెక్, జంగన్ తాకుత్" అన్నాడు. భయపడకు అవ్వా, అని. లోపల్నుంచి తెచ్చిన హెడ్‌సెట్ ఆవిడ చెవులకు మెల్లగా తొడిగాడు. హోరు తగ్గగానే ఆవిడ తలెత్తి చూసింది. చేతులు చాచింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపల పడుకోబెట్టాడు. ఆసుపత్రి గుడారాల దగ్గర దించేటప్పుడు ఆవిడ అతని చొక్కా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికి తిరిగొచ్చాక ఇదంతా మామ్మకు చెప్పాడు. ఆమె వింటూ కూర్చుంది.

"ఆవిడ పేరేంట్రా?"

"అడగలేదు మామ్మా. ఆ హడావుడిలో తోచలేదు."

"పోనీలే. దేవుడికి తెలుసుగా, ఆవిడ కోసం దణ్ణం పెట్టుకుంటాను" అంది. మళ్లీ తనే, "ఆ బట్టలు సంచిలో కుక్కితే నలిగిపోవూ? తీసి కొక్కేనికి తగిలించు" అంది.

అంతకంటే పెద్ద ఆశీర్వాదం తనకు జీవితంలో దొరకలేదంటాడు చంద్రశేఖర్.

సింగపూర్ ఆకాశం చిన్నది. పైకి లేచి ఒక చుట్టు తిరిగేలోగా పొరుగు దేశం వచ్చేస్తుంది. అందుకని అక్కడి పైలట్లను శిక్షణ కోసం ఏళ్ల తరబడి ఆస్ట్రేలియాలో ఉంచుతారు. చంద్రశేఖర్‌నూ భార్య రాజకుమారితో సహా క్వీన్స్‌లాండ్‌లో గోధుమ పొలాల మధ్య ఓ చిన్న ఊరికి పంపారు. అతను అడవి మీద విన్యాసాల్లో ఉండగా రాజకుమారికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పక్కింటి రైతు భార్య, అంతవరకూ కంచె దగ్గర పలకరింపే తప్ప పెద్దగా పరిచయం లేని మనిషి, ఆమెను తన ట్రక్కులో ఆసుపత్రికి తీసుకెళ్లి, బిడ్డ పుట్టేదాకా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చంద్రశేఖర్ పరుగున చేరుకునేసరికి పాప ఆమె ఒళ్లోనే నిద్రపోతోంది. కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక అతను ఏడ్చేశాడు. ఆమె నవ్వి, "ముందు చేతులు కడుక్కురా" అంది.

ఆ పాపే ఉజ్వల. ఇప్పుడు జూనియర్ కాలేజీలో చదువుతోంది. చంద్రశేఖర్ రిటైరై, కొత్త పైలట్లకు సిమ్యులేటర్ మీద పాఠాలు చెబుతున్నాడు. మొన్న ఆదివారం సింగపూర్‌లో, హౌగాంగ్‌లోని ఇంటి కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టిఫిన్ తింటూ ఉజ్వల అడిగింది.

"నాన్నా, అన్నేళ్లు ట్రెయినింగ్ చేసి ఒక్క యుద్ధం కూడా చూడలేదు. వేస్ట్ అనిపించదా? చెప్పు మరి."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్క మనిషి మీదా గుండు పేల్చకుండా ఇంటికొచ్చానమ్మా. నాతో ఎగిరినవాళ్లంతా కూడా ఇళ్లకొచ్చారు. దేవుణ్ణి ఇంకేం అడగను?"

ఉజ్వల తన ప్లేటులోని ఆఖరి పరోటా ముక్క తుంచి, నాన్న ప్లేటులో పెట్టింది.