తెల్లరాయి మీద ఎర్రమన్ను

నర్సంపేట అవతల ఒక పెద్దమ్మ ఉండేది. చేను దాటి వచ్చే ముందు గట్టు మీద నిలబడి, చెప్పులు రెండూ ఒకదానికొకటి కొట్టి, అంటుకున్న ఎర్రమన్నును చేనులోకే దులిపేది. వరంగల్ నుంచి మా కాలేజీ పిల్లలకు రాళ్లు చూపించడానికి వెళ్లినప్పుడు నేను మొదట చూసింది అదే.

ఆమె బావి ఒడ్డున తెల్లటి సున్నపురాయి బయటపడి ఉంది.

"నీ మన్ను ఈ రాయిలకెల్లే వచ్చింది పెద్దమ్మా. వాననీళ్లకు రాయి కరిగి సున్నం కొట్టుకపోతది. కరగని బంకమన్ను జరంత మిగుల్తది. దాంట్ల ఉన్న ఇనుము తుప్పు పట్టి ఎర్రగయితది" అన్నాను.

"తెల్లరాయికి ఎర్రమన్ను పుడ్తదా!" అని నవ్వింది.

మూడేళ్లకు మళ్లీ వెళితే చేను లేదు. మోకాలి లోతు గుంట, అడుగున తెల్లరాయి. ఎవరో మన్ను దొంగతనంగా తవ్వుకుపోయారనుకున్నాను.

"నేనే తోలుకపొమ్మన్న బిడ్డా. ప్లాట్లు నింపెటోల్లు అడిగిండ్రు. కింద రాయి ఉన్నది గద, వానలకు మల్ల మన్నయితదని నువ్వే చెప్తివి. మూడు వానకాలాలు పాయె. ఇంకెన్ని పడాలె?"

అడుగు మందం రాయి కరిగితే మిగిలేది గోరు మందం మన్ను. దానికి వేల ఏళ్లు పడుతుంది. ఆ ఒక్క మాట అప్పుడెందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు. ఆమె నన్ను నిజంగా అడుగుతోందో, నిలదీస్తోందో కూడా అర్థం కాలేదు.

ఆమె గట్టెక్కి, ఎప్పటిలాగే చెప్పులు కొట్టి గుంటలోకి దులిపింది. నేనూ బూట్లు విప్పి, అంటుకున్న మన్నును గుంటలోకే దులిపాను.